ఆవకాయ జాడీల మధ్య ఏరియల్

నిర్మలాదేవి గారి ఇంటి మీద కోతులు ఏరియల్‌ని నిలవనిచ్చేవి కావు. సారపాక మిల్లుకు ఇవతల, జామాయిలు తోటల అంచున ఉండేది ఆ పెంకుటిల్లు. గోదావరి వంతెన దాటి భద్రాచలం నుంచి కొన్ని, వెనకాల అడవిలోంచి కొన్ని గుంపులుగా దిగేవి. కప్పు మీద పొడుగాటి ఇనప గొట్టం, దాని కొసన చేప ముల్లులా పరుచుకున్న అల్యూమినియం పుల్లలు చూస్తే వాటికి ఎంత సరదాయో! ఒకటి ఎక్కి ఊగేది. దాన్ని చూసి రెండోది, ఆ రెంటినీ తరుముతూ ఇంకోటి. సాయంత్రానికి గొట్టం వంగిపోయి, పుల్లలు పెరట్లో బీరపాదు మీద పడి ఉండేవి. వాటితోపాటు నాలుగు పెంకులూ.

ఇంటాయన వెంకటరామారావు గారు ఓపికపట్టి బాగు చేయించారు. చివరిసారి గొట్టానికి ముళ్ళకంప కూడా చుట్టించారు. కోతులు ఆ కంపను ఊడబెరికి అవతల పారేసి మరీ ఊగాయి. దాంతో ఆయనకు విసుగొచ్చింది.

"ఇంక టీవీ లేదు గీవీ లేదు. పేపర్ చదువుకుంటాను. నాకదే చాలు" అనేశారు.

ఆ రోజు నుంచి హాల్లో ఉన్న కలర్ టీవీ మీద నిర్మలాదేవి కుట్టిన పూల గుడ్డ పరుచుకుంది. గుడ్డ మీద ప్లాస్టిక్ గులాబీల కూజా ఒకటి వచ్చి కూర్చుంది. ఎప్పుడన్నా మనసు లాగి ఆవిడ స్విచ్ వేస్తే తెర నిండా చుక్కలు, వాటి వెనక ఎక్కడో దూరంగా మనుషులు మాట్లాడుకుంటున్న గుసగుస. కేబుల్ వైరు అప్పటికింకా మిల్లు కాలనీ దాకానే వచ్చింది. చేతిలో ఫోన్లు లేని కాలం అది.

ఆ ఇంటి వెనక వైపు ఒక గది, చిన్న వంటిల్లు కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళు ప్రమీల, రాజు. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. ఇద్దరివీ వాగు అవతలి కోయగూడేలు. రాజు మిల్లు యార్డులో కాంట్రాక్టు కింద వెదురు లారీలు దింపేవాడు. అతను షిఫ్టుకు పోయాక ప్రమీలకు పొద్దు గడవడం కష్టంగా ఉండేది. గూడెంలో అయితే గడప దాటితే మనిషి. ఇక్కడ గడప దాటితే జామాయిలు చెట్లు. అందుకని నిర్మలాదేవి మిరపకాయలు ఎండబోసినా, చింతపండు గింజలు తీస్తున్నా వచ్చి పక్కన కూర్చునేది. కృష్ణా జిల్లా నుంచి భర్త వెంట ఇక్కడికి వచ్చి ఏళ్ళు గడిచిన నిర్మలాదేవికి కూడా మాట్లాడే మనిషి కావాలి. ఇద్దరికీ బాగానే కుదిరింది. కాకపోతే ప్రమీల వరండా దాకానే వచ్చేది. హాల్లోకి రావద్దని ఆవిడ ఎన్నడూ అనలేదు, రమ్మనీ అనలేదు.

ఒకరోజు ప్రమీల తల్లి కన్నమ్మ గూడెం నుంచి వచ్చింది. సంచీలో కూతురికి ఇష్టమైన సారపప్పు తెచ్చింది కానీ, దాన్ని బయటికి తీయడం కూడా మరిచిపోయి వాకిట్లోనే మొదలుపెట్టింది.

"మీ అయ్య టీవీల కనవడ్తడంట బిడ్డా!"

"ఏందవ్వా, ఏమంటున్నవ్?"

భూమి పండుగకు గూడేనికి హైదరాబాద్ నుంచి టీవీ వాళ్ళు వచ్చారట. కెమెరా భుజాన పెట్టుకుని పొద్దంతా తిరిగారట. మగవాళ్ళు అడవిదున్న కొమ్ముల తలపాగాలు పెట్టుకుని, డోళ్ళు కట్టుకుని ఆడిన ఆట మొత్తం తీసుకుని వెళ్ళారట. అది ఆదివారం పోయి పై ఆదివారం సాయంత్రం టీవీలో వస్తుందని గూడెం బడి పంతులు చెప్పాడట. గూడెంలో కరెంటు ఉందంటే ఉంది, టీవీ మాత్రం ఒక్కటీ లేదు.

"ఆ రోజు మేమందరం మీ కాడికే వస్తం. నీ పట్నవాసం ఎందుకింక?" అంది కన్నమ్మ నవ్వుతూ.

ప్రమీల ముఖం ముందు వెలిగింది, వెంటనే వాడింది. తమకు టీవీ ఎక్కడిది? మిల్లు కాలనీలో తెలిసినవాళ్ళు లేరు. ఉన్నది ఒక్కటే, పూల గుడ్డ కింద పడుకున్న అమ్మగారి టీవీ. ఆ రాత్రంతా ఎట్లా అడగాలా అని ఆలోచించి, పొద్దున్నే వరండా స్తంభాన్ని పట్టుకుని నిలబడి అడిగేసింది.

నిర్మలాదేవి ఒత్తులు చేస్తున్నదల్లా చెయ్యి ఆపింది. "మీ నాన్నా? టీవీలోనా? ఓసి నీ దుంపతెగ, ఎంత మంచి మాట చెప్పావే! కానీ బొమ్మే రావట్లేదు కదా, చుక్కలు తప్ప."

"ఏరియల్ పెడ్తే వస్తది గదా అమ్మగారూ."

"పెడితే ఆ కోతులుండనిస్తాయా? ఆయన పెట్టనిస్తారా?" అని కాసేపు ఒత్తి నలుపుతూ కూర్చుని, ఆవిడే తేల్చింది. "పద, భద్రాచలం వెళ్ళొద్దాం. ఇంట్లో పెట్టుకునేవి కూడా ఉంటాయట."

ఇద్దరూ ఆటోలో వంతెన దాటారు. గోదావరి ఆ నెలలో సన్నబడి, ఇసుక మేటల మధ్య పాయలుగా పారుతోంది. నిర్మలాదేవి చేతిసంచీని ఒళ్ళో పెట్టుకుని జాగ్రత్తగా పట్టుకుని కూర్చుంది. ఆవిడ అలా ఒక పని పెట్టుకుని బయటికి వచ్చి చాలా రోజులైనట్టుంది. దారి పొడుగునా ఏదో ఒకటి చూపిస్తూనే ఉంది.

బజారులో రామ్‌చందర్ షాపు నిండా రేడియోలు, టార్చిలైట్లు, ఫ్యాన్ల రెక్కలు. అతను రెండు రకాల ఏరియళ్ళు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి చిన్న నల్లటి పీట, దాని మీద చీమ మీసాల్లాగా సాగే రెండు పుల్లలు. ఇంకోటి కప్పు మీద పెట్టే పెద్ద చేపముల్లు.

"ఇల్లు ఏం కప్పు అమ్మా? స్లాబా, రేకులా?"

"పెంకులయ్యా."

"పెంకులైతే మంచిగనే ఉంది. రేకులైతే సిగ్నల్ని లోపల్కి రానియ్యయి. అటకుందా?"

"ఉంది."

"అయితే ఇంకేంది! ఈ పెద్దదే అటక మీద పెట్టుకోండ్రి. కోతులకు కానరాదు, వానకు తడ్వది. చిన్నది ఇంట్ల టీవీ మీదనే పెట్టుకోవచ్చు గని, మనిషి కదిలితే బొమ్మ కదుల్తది."

"అటక సంగతి ఎత్తకు" అంది నిర్మలాదేవి గట్టిగా. "ఈ చిన్నదే ఇవ్వు."

ఎందుకో ప్రమీలకు తెలుసు. ఆ ఇంట్లో అటకంటే నిర్మలాదేవికి దేవుడి గూడు తర్వాత అంతటిది. నడవలో నిచ్చెన వేసి ఎక్కాలి. టేకు చెక్కలు పరిచిన ఆ అటక మీద ఆవకాయ, మాగాయ, చింతకాయ జాడీలు వాసెనలు కట్టి వరసగా ఉంటాయి. తలస్నానం చేసి, తడిబట్ట ఆరకముందే ఆవిడే ఎక్కి దించుకునేది. వెంకటరామారావు గారిని కూడా ఎక్కనిచ్చేది కాదు. ఏ చెయ్యి తగిలినా పచ్చడి బూజు పడుతుందని ఆవిడ నమ్మకం.

చిన్న ఏరియల్‌ని ఇంటికి తెచ్చి టీవీ మీద పెట్టారు. చుక్కలు కాస్త పల్చబడ్డాయి, అంతే. కిటికీలో పెట్టారు. ఒక మనిషి తల వచ్చింది, మొండెం పక్కకు జారింది. కుట్టుమిషను మీద పెట్టారు. ఒకే మనిషి ముగ్గురై కనిపించాడు. చివరికి ప్రమీల దాన్ని చేత్తో పట్టుకుని బీరువా పక్కన గోడకు ఆనుకుని నిలబడితే ఒక్కసారిగా బొమ్మ అద్దంలా వచ్చింది. నిర్మలాదేవి చప్పట్లు కొట్టింది. ప్రమీల దాన్ని అక్కడే స్టూలు మీద పెట్టి చెయ్యి తీసింది. బొమ్మ పోయింది. మళ్ళీ పట్టుకుంది. వచ్చింది.

"నీ ఒంట్లో ఏం కరెంటుందే!" అంది నిర్మలాదేవి.

అప్పుడే ప్రమీలకు తను ఎక్కడున్నదీ తెలిసింది. హాలు లోపల ఉంది. ఏరియల్ పట్టుకుని తిరుగుతూ ఎప్పుడు లోపలికి వచ్చిందో ఆమెకే గుర్తులేదు. నిర్మలాదేవికీ పట్టినట్టు లేదు. ఆ సాయంత్రం ఆడవాళ్ళ కార్యక్రమం ఏదో వస్తుంటే ఆవిడ కూర్చుని చూసింది, ప్రమీల గోడ పక్కన పుల్లలు పట్టుకుని నిలబడింది. అక్కడి నుంచి టీవీ వెనక భాగం, దాని వెంట వేలాడే వైరు తప్ప ఏమీ కనిపించవు. అది అయిపోయాక నిర్మలాదేవి తలెత్తి ఆమె వంక చూసి నొచ్చుకుంది.

"ఆదివారం కూడా ఇట్లాగే నిలబడతావా? మీ నాన్న వస్తుంటే నువ్వు చూడవద్దూ?"

"పర్వాలేదమ్మగారూ. అయ్యను నేను దినాం చూసిందాన్నే గదా."

మర్నాడు పొద్దున నిర్మలాదేవి వెనక గది తలుపు దగ్గరికొచ్చి రాజును పిలిచింది. "తలస్నానం చేసిరా. ఆ పెద్దది తెద్దువుగాని. అటక మీద పెడదాం. జాడీల జోలికి మాత్రం పోకు, చెబుతున్నాను."

రాజు తల మీది నీళ్ళు కారుతుండగానే సైకిలెక్కి భద్రాచలం పోయి, ఆ చేపముల్లును వీపుకు కట్టుకుని వచ్చాడు. వచ్చాక నిర్మలాదేవి అతన్ని ఎగాదిగా చూసి, దుమ్ము పడిందని ఇంకోసారి స్నానం చేయించింది.

ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో జరిగినది ఆ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ జరిగిందే. అటక మీద రాజు, నిచ్చెన కింద ప్రమీల, టీవీ ముందు నిర్మలాదేవి.

"వచ్చిందా?" పైనుంచి రాజు.

"వచ్చిందా అమ్మగారూ?" నడవలో ప్రమీల.

"రాలా!"

"రాలేదంట!"

"ఇప్పుడు?"

"వస్తోంది, వస్తోంది... అయ్యో, పోయింది! ఏం చేశాడే?"

"ఏం జేసినవని అడుగుతుంది!"

"ఏం జెయ్యలే, తుమ్మిన!"

కొత్తగూడెం వైపు తిప్పితే ఒక రకం, కొంచెం దక్షిణానికి జరిపితే ఒక రకం. పక్కింటాయన కూడా గోడ మీదుగా తన సలహా తను పడేశాడు. చివరికి వాసానికి నులక తాడు కట్టి, దానికి ఏరియల్‌ని వేలాడదీస్తే బొమ్మ కుదిరింది. నిర్మలాదేవి అలా టీవీ ముందు చతికిలబడి, వస్తున్నది వ్యవసాయ కార్యక్రమమని కూడా చూడకుండా, వేపపిండి ఎంత వేయాలో ఆసాంతం విన్నది.

వెంకటరామారావు గారు సాయంత్రం ఇంటికొచ్చి అంతా విన్నారు. ఆయన కోపిష్టి కాదు. పద్ధతి మనిషి.

"గూడెం వాళ్ళంతా వస్తారంటున్నావు. టీవీ వరండాలో పెడదాం. వాకిట్లో కూర్చుని చూస్తారు, గాలి కూడా తగులుతుంది" అన్నారు.

మాట బాగానే ఉంది. నిర్మలాదేవి కూడా సరేనంది. కానీ శనివారం టీవీని వరండాలోకి మోయబోతే వైరు చాలలేదు. అటక మీంచి దిగి హాలు మధ్యదాకానే వచ్చింది. రాజు అతుకు వేసి చూశాడు. అతుకు దగ్గర బొమ్మ అలలు అలలుగా పోయింది. వెంకటరామారావు గారు వైరు వంక, గుమ్మం వంక చూసి గొంతు సవరించుకున్నారు.

నిర్మలాదేవి టీవీని మళ్ళీ బల్ల మీదికి నెట్టి అంది, "టీవీ బయటికి రాదండీ. వాళ్ళే లోపలికి రావాలి."

ఆయన పేపరు మడిచి చంకలో పెట్టుకుని, "నీ ఇష్టం. రేపు నాకు పొలంలో పనుంది" అన్నారు.

ఆదివారం ఎండ తగ్గకముందే వాళ్ళు వచ్చారు. కన్నమ్మ, ప్రమీల తండ్రి సీతయ్య, వాళ్ళ వెనక గూడెం ఆడామగా, ఎత్తుకున్న పిల్లలు. సీతయ్య ఉతికిన తెల్ల పంచె కట్టి, భుజాన కొత్త తువ్వాలు వేసుకున్నాడు. గుమ్మం ముందు అందరూ ఆగిపోయారు. కాళ్ళు కడుక్కున్నారు. కడిగిన కాళ్ళు మళ్ళీ కడుక్కున్నారు. లోపల నిర్మలాదేవి జంపఖానా పరిచి, "రండి, రండి, మొదలయ్యే వేళయింది" అని పిలిచింది. ప్రమీల ముందు నడిచింది. ఆమె వెనక తల్లి, తల్లి వెనక అందరూ.

"మీరు కుర్చీలో కూర్చోండి సీతయ్యా. ఇవాళ మీ రోజు" అంది నిర్మలాదేవి.

సీతయ్య నవ్వి నేల మీదే, టీవీకి దగ్గరగా కూర్చున్నాడు. ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకోవడం చూస్తే ఎవరింటికో పిల్లను అడగడానికి వెళ్ళినట్టుంది. రాజు లేడు. వెదురు లారీలు ఒక్కసారే వచ్చాయని మేస్త్రీ మధ్యాహ్నమే పిలిపించాడు.

కార్యక్రమం మొదలైంది. చీర కట్టుకున్న ఒకామె మెల్లగా, ముద్దుగా అడవుల గురించి చెప్పింది. తర్వాత ఏదో జలపాతం. ఆ తర్వాత ఎవరో అధికారి కుర్చీలో కూర్చుని చాలాసేపు మాట్లాడాడు. పిల్లలు నిద్రకు వచ్చారు. "ఇప్పుడు భూమి పండుగ విశేషాలు" అని ఆమె అనగానే హాలంతా సర్దుకుని కూర్చుంది.

సరిగ్గా అప్పుడే పెంకుల మీద దబదబమని చప్పుడు. కోతుల గుంపు ఇంటి ఈ చివర నుంచి ఆ చివరకు పరుగు తీసింది. అటక మీద ఏదో జారి పడింది. తెర మీద చుక్కలు.

"అయ్యో రామా!" అని లేచింది నిర్మలాదేవి.

ప్రమీల ఆలోచించలేదు. నడవలోకి ఉరికి నిచ్చెన వేసి ఎక్కేసింది. పైన పెంకుల సందుల్లోంచి ఎండ పుల్లలు పుల్లలుగా పడుతోంది. వాసానికి కట్టిన నులక తాడు తెగి, ఏరియల్ జాడీల మీద పక్కకు ఒరిగి ఉంది. దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. తల వంచితే గానీ కూర్చోవడానికి లేదు. సాలెగూడు ముఖానికి చుట్టుకుంది.

కింద నడవలోంచి నిర్మలాదేవి గొంతు, "ప్రమీలా, కొంచెం కుడికి!"

"ఏ కుడి అమ్మగారూ? నా కుడియా, మీ కుడియా?"

"గోదారి వైపు కుడి!"

తిప్పింది.

"ఇంకొంచెం... ఆఁ, వస్తోంది... వచ్చింది! అట్లాగే ఉంచు! ఊపిరి కూడా పీల్చకు!"

అప్పుడు వినిపించింది డోలు. చెక్కల కిందనుంచి, హాలు నిండా కూర్చున్నవాళ్ళ ఊపిరిలోంచి పైకి వచ్చింది. ఒకటి కాదు, పది డోళ్ళు కలిసిన మోత. పెళ్ళయి వచ్చిన తర్వాత ప్రమీల ఆ చప్పుడు వినడం అదే మొదలు. గూడెం వాకిలి, ఎర్రమట్టి, ఆటలో లేచే దుమ్ము వాసన కూడా వచ్చినట్టైంది, అదీ ఆవకాయ వాసనల మధ్య.

కింద గొడవ మొదలైంది.

"ఏడి, సీతయ్య ఏడి?"

"గా ముందున్నోడు."

"గాయన మా బావ. గా వెనకోడు చూడు."

"అందరూ ఒక్క తీర్గనే ఉన్నరు గదా!"

నిజమే. కొమ్ముల తలపాగా, నెమలి ఈకలు, ముఖం మీదికి వేలాడే గవ్వల వరసలు. ఎవరి ముఖమూ కనిపించదు. కన్నమ్మ తెరకు ఆనుకున్నంత దగ్గరగా జరిగి, "నాకు ఆనవాలు తెలుస్తలేదు" అంటోంది. సీతయ్య కూడా తెర మీద తనను తాను వెతుక్కుంటున్నాడు. ఆడేటప్పుడు తను ఎట్లా ఉంటాడో ఆయన ఏనాడు చూసుకున్నాడు గనక?

పైన అటక మీద కళ్ళు మూసుకుని ఉన్న ప్రమీలకు మాత్రం తెలిసిపోయింది. ఆమె తండ్రి డోలు కొడితే రెండు దెబ్బల తర్వాత ఒక్క రవ్వంత ఆగేవాడు. ఊపిరి బిగబట్టినట్టు ఆగి, తర్వాతి దెబ్బ గట్టిగా వేసేవాడు. చిన్నప్పుడు ఆయన భుజాల మీద కూర్చుని పండుగలకు పోయిన పిల్లకు ఆ ఆగడం ఒంట్లో ఉండిపోయింది. పది డోళ్ళ మోతలో అది ఒక్కటే వేరుగా, ఇప్పుడే, చాలా దగ్గర నుంచి వినిపించింది.

"గదే! గదే అయ్య డోలు!" అని అరిచింది పైనుంచి. "ఇప్పుడు ఎవరు కనవడ్తున్నరో గాయనే!"

కింద అందరూ తెర వంక చూశారు. తెర మీద ఒక్కడే మనిషి ఉన్నాడు. వంగి, నడుం తిప్పి లేస్తున్నాడు. కొమ్ములు ఆకాశంలోకి లేచాయి.

"అవ్, అవ్! గాయనే!" అని కన్నమ్మ కేక. "గా మోకాలు చూడుండ్రి, గది మా ఆయన మోకాలే!"

హాలు కూలిపోయేంత నవ్వులు, ఈలలు. నిద్రపోతున్న పిల్లలు లేచి ఏడ్చారు. నిర్మలాదేవి అటు హాల్లోకీ ఇటు నిచ్చెన దగ్గరికీ తిరుగుతూ, "చూశాంలే, చూశాం! వదలకు, ఇంకా ఉంది!" అని అరుస్తోంది. ప్రమీల ఏరియల్ మొదలును ఆవకాయ జాడీకి, మాగాయ జాడీకి మధ్య ఇరికించి, దాని మీద తన భుజం ఆనించి కూర్చుంది. డోళ్ళు ఆగేదాకా అట్లానే ఉంది.

దిగి వచ్చేసరికి తెర మీద ఇంకెవరో వీణ వాయిస్తున్నారు. జుట్టు నిండా బూజు, చేతుల నిండా మసి. తండ్రి దగ్గరికి పోయి, "అయ్యా, ఎట్లున్నవ్ టీవీల?" అని అడిగింది.

సీతయ్య తల గోక్కున్నాడు. "నేను చిన్నగున్న బిడ్డా. కొమ్ములు మాత్రం మంచిగున్నయి." మళ్ళీ తనే, "ఆ దినం డోలు తోలు వాన తుంపరకు మెత్తవడ్డది. లేకుంటే ఇంకా మంచిగ మోగాలె" అన్నాడు.

అప్పుడు తట్టింది నిర్మలాదేవికి. "అయ్యో, నువ్వు చూడనేలేదు కదే! ఇంత చేసి నువ్వే చూడలేదు!"

అందరూ ఒక్కసారి ప్రమీల వంక తిరిగారు. ఒకరి తర్వాత ఒకరు చెప్పడం మొదలుపెట్టారు. ఎట్లా వంగాడో, ఎట్లా లేచాడో, ఈకలు ఎటు ఊగాయో. ఎవరు చెప్పింది ఇంకొకరికి నచ్చలేదు. చివరికి కన్నమ్మే మొగుడి భుజం తట్టి, "లే, బిడ్డకు చూపియ్" అంది. సీతయ్య సిగ్గుపడ్డాడు. డోలు ఏదన్నాడు. నిర్మలాదేవి మంచం కిందనుంచి టీవీ వచ్చిన అట్టపెట్టె లాగి ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని తువ్వాలుతో మెడకు కట్టుకుని, వేళ్ళతో ఒక దెబ్బ వేసి చూసుకుని, ఆ హాల్లో, జంపఖానా మీద, నెమ్మదిగా ఒక చుట్టు తిరిగాడు. రెండు దెబ్బలు, కాస్త ఆగడం, తర్వాతి దెబ్బ.

పొలం నుంచి వచ్చిన వెంకటరామారావు గారు చెప్పులు విప్పి, గుమ్మంలోనే ఆగి చూశారు. ఆట అయ్యేదాకా లోపలికి రాలేదు. అయ్యాక, "కూర్చోండి, కూర్చోండి. కాఫీలు ఇచ్చావా వీళ్ళకి?" అని భార్యను అడిగారు.

అందరూ వెళ్ళాక ప్రమీల నడవలో నిలబడి, తల వంచుకుని చెప్పింది. "అమ్మగారూ, తొందర్ల స్నానం గిట్ల జెయ్యకుండనే ఎక్కిన. జాడీలు గూడ ముట్టుకున్న. వాటి మద్దెల్నే ఇరికిచ్చిన ఏరియల్ను."

నిర్మలాదేవి అటక వంక చూసింది. హాల్లో వార్తలు వస్తున్నాయి, బొమ్మ అద్దంలా ఉంది.

"ఇప్పుడు దాన్ని కదిపితే బొమ్మ పోతుందే" అంది. "ఉండనీ."

ఆ ఏరియల్ అక్కడే ఉండిపోయింది. ఆవకాయ జాడీ దించాల్సి వచ్చినప్పుడల్లా బొమ్మ పోయేది. అందుకని నిర్మలాదేవి ఆ జాడీలో పచ్చడిని కింద సీసాల్లోకి తీసి, జాడీలో ఇసుక పోసి మళ్ళీ అక్కడే పెట్టించింది. పెట్టింది ప్రమీలే. ఆ పచ్చడి ఏడాదంతా చెడిపోలేదు. కన్నమ్మ వచ్చినప్పుడల్లా దానిలోంచి ఒక సీసా గూడేనికి వెళ్ళేది. ఆదివారం సాయంత్రాలు ప్రమీల హాల్లో కూర్చుని సినిమా చూసేది, పక్కనే చింతపండు గింజలు తీస్తూ నిర్మలాదేవి.

తర్వాత అన్నీ మారాయి. కేబుల్ వచ్చింది, దాని వెనక డిష్‌లు వచ్చాయి. రాజుకు మిల్లులో కాస్త స్థిరమైన పని దొరికి, వాళ్ళు సారపాకలోనే రెండు గదుల స్లాబ్ ఇల్లు కట్టుకున్నారు. వెంకటరామారావు గారు పోయాక నిర్మలాదేవి పెంకుటిల్లు అమ్మేసి, తల్లాడలో చెల్లెలి ఇంటి పక్కనే చిన్న ఇల్లు తీసుకుని వెళ్ళిపోయింది. సీతయ్య కూడా పోయాడు. ఆయన పోయిన రోజు గూడెం మొత్తం డోళ్ళు కట్టింది.

ఇప్పుడు ప్రమీల అంగన్‌వాడీలో టీచరు. పిల్లలకు ఆటలు నేర్పేటప్పుడు తండ్రి టీవీలో కనిపించిన సంగతి చెబుతుంది. ఆయన వంగడం, లేవడం, కొమ్ములు ఆకాశంలోకి లేవడం అన్నీ చేసి చూపిస్తుంది. ఒకసారి కూతురు అడగనే అడిగింది.

"అమ్మా, నువ్వు అప్పుడు అటక మీద ఉన్నవ్ గదా. చూసినట్టే ఎట్ల చెప్తవ్?"

"చూసినట్టే ఉంటది బిడ్డా" అంది ప్రమీల.

కూతురు ఫోన్లో వెతికింది. కొమ్ముల ఆటలు బోలెడు వచ్చాయి, ఎక్కడెక్కడి గూడేలవో. ఆ పాత కార్యక్రమం మాత్రం దొరకలేదు. దొరకలేదని ప్రమీల పెద్దగా బాధపడలేదు. పడిందేమో, కూతురికి తెలియనివ్వలేదు.

మొన్న వాన పడిన రోజు తల్లాడ నుంచి ఫోన్ వచ్చింది.

"ప్రమీలా, మా డిష్ పోయిందే. వాన వస్తే చాలు, చుక్కలు కూడా రావట్లా, తెర నల్లగా అయిపోతోంది" అంది నిర్మలాదేవి. గొంతు సన్నబడింది గానీ మాటలో జోరు తగ్గలేదు. "ఊరికే కూర్చున్నాను, మీ నాన్న గుర్తొచ్చాడు. ఆ రోజు పసుపుపచ్చ గుడ్డ కట్టుకున్నాడు, నడుముకి. నాకు బాగా గుర్తు."

పక్కనే మంచం మీద కూర్చుని ఉన్న కన్నమ్మకు ఫోన్లోని మాటలు వినిపించాయి. ఆమెకు చెవులు ఇప్పటికీ బాగానే పనిచేస్తాయి.

"పసుపుపచ్చ ఎక్కడిది? ఎర్రది. నేనే కట్టిన" అంది గట్టిగా.

"ఏమంటోందే మీ అమ్మ?"

"ఎర్రది అంటుంది అమ్మగారూ."

"కాదే! టీవీ ముందు కూర్చున్నది నేను. పసుపే. మీ అమ్మకు ఫోనివ్వు, నేను చెబుతాను."

ప్రమీల ఫోను తల్లి చేతికిచ్చి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి వెళ్ళింది. పాలు దించి, టీ కలిపి, వాన చూస్తూ కాసేపు నిలబడింది. లోపల కన్నమ్మ ఫోనును రెండు చేతులా పట్టుకుని ఇంకా వాదిస్తూనే ఉంది.